బిగుసుకుపోయిన ప్లగ్గులు, కనెక్టర్లు: కారణం కనిపెట్టి సరిచేసుకునే పద్ధతి

సాకెట్టులోంచి ప్లగ్గు ఊడిరాకపోతే మనలో చాలామంది మొదట దాన్ని గట్టిగా లాగుతారు, అప్పటికీ రాకపోతే తీగ పట్టుకుని గుంజుతారు, ఎలాగో ఊడివచ్చాక పిన్నులకు ఇంత నూనె రాసి మళ్లీ గుచ్చేస్తారు. ఈ మూడు పనుల్లో ఏ ఒక్కటీ మంచిది కాదు. బిగుసుకుపోయిన ప్రతి ప్లగ్గు వెనుక ఒక కారణం ఉంటుంది. అది పిన్నులకు పట్టిన చిలుము కావచ్చు, వంగిన పిన్ను కావచ్చు, వేడికి కరిగి వంకరపోయిన ప్లాస్టిక్కు కావచ్చు. చిలుమైతే పావుగంట పనితో పోతుంది, కరిగిన ప్లాస్టిక్కయితే ఆ ప్లగ్గునూ సాకెట్టునూ ఇక వాడకూడదు. ఏది ఏదో తేల్చుకోకుండా నూనె రాస్తే రెండూ ఒకేలా సులువుగా జారతాయి, ప్రమాదం మాత్రం లోపల అలాగే ఉండిపోతుంది. అందుకే ఈ మార్గదర్శిలో శుభ్రం చేసే పద్ధతికి ఎంత చోటు ఇచ్చానో, కారణం వెతికే పద్ధతికీ అంతే చోటు ఇచ్చాను.

ఉండవలసిన బిగువు, ఉండకూడని బిగువు

సాకెట్టు లోపల ప్రతి రంధ్రం వెనుక ఇత్తడితోనో, ఫాస్ఫర్ బ్రాంజ్ అనే రాగి మిశ్రలోహంతోనో చేసిన రేకులు ఉంటాయి. పిన్ను లోపలికి దూరగానే ఈ రేకులు కొంచెం విచ్చుకుని, స్ప్రింగులా వెనక్కి నొక్కుతూ దాన్ని పట్టుకుంటాయి. కంటికి పిన్నూ రేకూ నున్నగానే కనిపించినా, అవి నిజంగా ఒకదాన్నొకటి తాకేది కొన్ని సూక్ష్మమైన బిందువుల దగ్గర మాత్రమే, కరెంటంతా ఆ కాస్త చోటు గుండానే పోవాలి. రేకు ఎంత గట్టిగా నొక్కితే ఆ బిందువులు అంత విశాలమై, కరెంటుకు అడ్డు అంత తగ్గుతుంది. కాబట్టి ప్లగ్గు కొంత బిగువుగా ఉండడం అవసరమే. కొత్త సాకెట్టులో మొదటి కొన్నిసార్లు ప్లగ్గు దూర్చడానికి కాస్త బలం పెట్టవలసి వస్తే అది లోపం కాదు, వాడగా వాడగా సర్దుకుంటుంది.

ప్లగ్గు వదులుగా ఉండి తనంతట తానే జారిపోతుండడం, బిగువుగా ఉండడం కంటే ప్రమాదకరం. వేడి ఎంత పుడుతుందో చెప్పే లెక్క చిన్నదే. కరెంటును కరెంటుతోనే గుణించి, వచ్చినదాన్ని ఆ కలయిక దగ్గరి నిరోధంతో, అంటే ఓముల్లో కొలిచే కరెంటు అడ్డుతో, గుణిస్తే వాట్లు వస్తాయి. పిన్నుకూ రేకుకూ మధ్య నిరోధం ఓములో నూరో వంతు ఉంటే, 10 ఆంపియర్ల కరెంటుకు అక్కడ పుట్టే వేడి 1 వాటు మాత్రమే, అది గాలిలో కలిసిపోతుంది. చిలుము పట్టో, రేకు సడలో ఆ నిరోధం పావు ఓముకు చేరితే అదే కరెంటుకు 25 వాట్ల వేడి పుడుతుంది. తీగలను లోహం కరిగించి అతికే చిన్న సోల్డరింగ్ ఐరన్‌లో ఉండేది అంతే. దాన్ని వెలిగించి ప్లగ్గు లోపల పెట్టి మూతవేసినట్టు ఊహించుకుంటే, ప్లాస్టిక్కు ఎందుకు కరుగుతుందో తెలుస్తుంది. ఇళ్లలో వాడే సాధారణ పి.వి.సి. తీగ తొడుగు 70 డిగ్రీల సెల్సియస్ వరకు తట్టుకునేలా చేసినదే.

ఈ వేడికి ఎం.సి.బి. (కరెంటు మితిమీరితే తనంతట తానే సరఫరా ఆపేసే స్విచ్చు) పడిపోదు. పరిమితికి మించిన కరెంటు ప్రవహించినప్పుడో, షార్టు సర్క్యూట్ జరిగినప్పుడో మాత్రమే అది పడుతుంది, కలయిక పాడై వేడెక్కుతున్నప్పుడు కరెంటు పెరగదు కదా. "మా ఇంట్లో ఎం.సి.బి. ఉంది, ఏమీ కాదు" అన్న ధీమా ఈ విషయంలో పనికిరాదు. ఇక్కడ కాపలా కాయవలసింది మన కళ్లు, ముక్కు, చేతులే.

కారణం వెతకడం

మొదట చేయవలసిన పరీక్ష చాలా తేలిక. బిగుసుకుంటున్న ప్లగ్గును స్విచ్చు ఆపి మరో మంచి సాకెట్టులో పెట్టి చూడాలి, అలాగే మరో మంచి ప్లగ్గును అనుమానం ఉన్న సాకెట్టులో పెట్టి చూడాలి. ఒకే ప్లగ్గు అన్నిచోట్లా బిగుసుకుంటే లోపం ప్లగ్గులో ఉంది. అన్ని ప్లగ్గులూ ఒకే సాకెట్టులో బిగుసుకుంటే లోపం సాకెట్టుదే. ఆ రెండింటి జత మాత్రమే ఇబ్బంది పెడుతుంటే, రెండూ వేర్వేరు కొలతలకు చేసినవేమో చూడాలి. రకరకాల పిన్నులను మింగేలా చేసిన బహురూప సాకెట్లలో ఈ చిక్కు ఎక్కువ. అన్నిటికీ పనికివచ్చేలా చేసిన రంధ్రం దేన్నీ సరిగ్గా పట్టుకోదు. ఒక ప్లగ్గు బిగుసుకుంటుంది, మరొకటి వేలాడుతుంది. భారీ ఉపకరణాలకు అటువంటి సాకెట్లు వాడకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ప్లగ్గు లోపలికి దూరడమే కష్టంగా ఉంటే, సాకెట్టులో పిల్లల రక్షణకు రంధ్రాలను మూసి ఉంచే షట్టరు ఉందేమో చూడండి. కొన్ని రకాల్లో పొడవైన ఎర్తు (భూమికి కలిపే) పిన్ను ముందుగా దూరి షట్టరును తెరుస్తుంది, మరికొన్నింటిలో రెండు పిన్నులూ ఒకేసారి సమానంగా నొక్కితేనే అది పక్కకు జరుగుతుంది. ప్లగ్గును కాస్త ఏటవాలుగా పెట్టినా, ఒక పిన్ను వంగి ఉన్నా షట్టరు కదలదు, మనకేమో సాకెట్టు బిగుసుకుపోయినట్టు అనిపిస్తుంది. ప్లగ్గును నిటారుగా పట్టుకుని నొక్కితే సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి. నిటారుగా పెట్టినా షట్టరు కదలకపోతే, స్క్రూడ్రైవరుతో పొడిచి తెరవడానికి ఎంతమాత్రం ప్రయత్నించకూడదు. ఆ సాకెట్టును మార్పించాలి.

గుండ్రటి ఇత్తడి పిన్నులున్న కొన్ని ప్లగ్గుల్లో పిన్ను మధ్యన నిలువునా చీలిక ఉంటుంది. ప్లగ్గు వదులైనప్పుడు ఆ చీలికలో కత్తిమొన పెట్టి విప్పదీసి, పిన్నును లావు చేసే అలవాటు చాలామందికి ఉంది. ఆ పూటకు బిగువు వస్తుంది. కానీ ఎక్కువ విప్పితే పిన్ను సాకెట్టులో పట్టేస్తుంది, అంతకంటే ముఖ్యంగా లోపలి రేకులను శాశ్వతంగా వెడల్పు చేసేస్తుంది, ఆ తర్వాత మామూలు ప్లగ్గులన్నీ ఆ సాకెట్టులో వదులైపోతాయి. విప్పదీసిన చీలిక కనిపిస్తే దాన్ని యథాస్థితికి నొక్కి, వదులుకు అసలు కారణమైన సాకెట్టును మార్చడం సరైన దారి.

ఇక మిగిలినవి: గోడకు సున్నమో రంగో వేసినప్పుడు రంధ్రాల్లో పడి ఎండిన చుక్కలు, తేమ ఉన్న గదుల్లో పిన్నులపై పేరుకున్న చిలుము, పూర్వం ఎవరో రాసిన నూనె దుమ్ముతో కలిసి జిగురుగా మారిన పొర, ఎగుడుదిగుడు గోడమీద మరలు బిగించి పలక వంకరపోవడం వల్ల రంధ్రాలకూ రేకులకూ పొంతన తప్పడం. వీటన్నిటికంటే తీవ్రమైనది వేడికి కరగడం. దాని సంగతి విడిగా చెబుతాను.

కరెంటు తీసేయడం

పని ఏదైనా ముందుగా ఉపకరణాన్ని దాని సొంత స్విచ్చుతో ఆపాలి, తర్వాత సాకెట్టు స్విచ్చు ఆపాలి, ఆ తర్వాత ఆ వరుసకు సంబంధించిన ఎం.సి.బి.ని దింపాలి. సాకెట్టు స్విచ్చు ఒక్కదాన్నే నమ్మకూడదు. వైరింగు చేసినవారు పొరపాటున స్విచ్చును కరెంటు తెచ్చే ఫేజు తీగకు బదులు దాన్ని తిరిగి తీసుకుపోయే న్యూట్రల్ తీగకు కలిపి ఉంటే, స్విచ్చు ఆపినా సాకెట్టులో కరెంటు ఉంటుంది. ఇంట్లో ఇన్వర్టరు గానీ మరే ప్రత్యామ్నాయ సరఫరా గానీ ఉంటే, మెయిన్ ఆపగానే అది అందుకుని కొన్ని సాకెట్లకు కరెంటు ఇస్తూనే ఉంటుంది, కనుక దాన్నీ ఆపాలి.

ఆపాక టెస్టరుతో చూడడం తప్పనిసరి. మొదట కరెంటు ఉందని తెలిసిన మరో సాకెట్టులో పెట్టి టెస్టరు పనిచేస్తోందని నిర్ధారించుకోవాలి, తర్వాత మనం పనిచేయబోయే చోట చూడాలి, చివరికి మళ్లీ మొదటి సాకెట్టులో చూసి ఈ మధ్యలో టెస్టరు చెడిపోలేదని తేల్చుకోవాలి. స్క్రూడ్రైవరులా ఉండే నియాన్ టెస్టరు వెలగకపోయినంత మాత్రాన కరెంటు లేదని గట్టిగా చెప్పలేము. రెండు కొనలున్న వోల్టేజి టెస్టరు గానీ మల్టీమీటరు గానీ వాడి, ఫేజు–న్యూట్రల్ మధ్యా, ఫేజు–ఎర్తు మధ్యా చూడడం మేలు. ప్లగ్గు రంధ్రాలను మూసేసి ఉంటే అదే పలకమీది పక్క సాకెట్టులో చూడవచ్చు, కానీ రెండూ ఒకే ఎం.సి.బి. కింద ఉన్నాయన్న హామీ లేదు. అనుమానం ఉంటే మెయిన్ స్విచ్చే దింపేయండి.

ఊడిరాని ప్లగ్గును తీయడం

వేడెక్కి ఉంటే ముందు పూర్తిగా చల్లారనివ్వాలి. వేడిమీద మెత్తబడిన ప్లాస్టిక్కును లాగితే ప్లగ్గు ఒంటిభాగం చేతికి వచ్చి పిన్నులు సాకెట్టులోనే ఉండిపోయే ప్రమాదం ఉంది.

ఎడమ అరచేతితో సాకెట్టు పలకను గోడకు అదిమిపట్టి, కుడిచేత్తో ప్లగ్గు ఒంటిని పట్టుకోవాలి. తీగను తాకనే కూడదు. తీగ పట్టి లాగితే ఆ బలమంతా ప్లగ్గు లోపల తీగను బిగించిన మరల మీద పడి, కొత్తగా ఒక వదులు కలయిక తయారవుతుంది. చేయి జారుతుంటే రబ్బరు చేతితొడుగు వేసుకోవచ్చు, అయితే అది పట్టు కోసమే గాని షాక్ నుంచి కాపాడుతుందని కాదు. ప్లగ్గును నిటారుగా తనవైపు లాగుతూ, ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించకుండా పైకీ కిందికీ కదపాలి. గుండ్రంగా తిప్పకూడదు, తిప్పితే లోపలి రేకులు మెలిపడతాయి. పట్టకారుతో నొక్కితే ప్లాస్టిక్కు పగులుతుంది. ఇలా అయిదారు ప్రయత్నాలకు కొద్దికొద్దిగానైనా బయటికి జరుగుతోందంటే చిలుమో మురికో కారణమై ఉండవచ్చు, ఓపికగా కొనసాగించండి. ఏమాత్రం కదలకపోతే అక్కడే ఆపేయాలి. పిన్ను రేకుకు అతుక్కుపోయి ఉండవచ్చు. ఎలక్ట్రీషియను పలక విప్పి ప్లగ్గునూ సాకెట్టునూ కలిపే బయటికి తీస్తారు.

ఒకవేళ పిన్ను విరిగి సాకెట్టులో ఉండిపోతే, లేదా ప్లగ్గు ఒళ్లు ఊడి పిన్నులు మాత్రం బయటికి పొడుచుకుని కనిపిస్తుంటే, ఆ ఎం.సి.బి.ని దింపి అలాగే ఉంచి, ఎవరూ ఎక్కించకుండా దానిమీద చీటీ అంటించి, సాకెట్టు మార్చేవరకు దాని జోలికి పోకూడదు.

పిన్నులను చదవడం

ప్లగ్గు చేతికి వచ్చాక, లోపల కెపాసిటరు ఉన్న ఉపకరణమైతే పిన్నుల మధ్య కాస్త చార్జి మిగిలి ఉండవచ్చు కనుక కొన్ని క్షణాలు ఆగి, మంచి వెలుతురులో పిన్నులను ఒక్కొక్కటిగా చూడాలి. ఈ పరిశీలనకు రెండు నిమిషాలు వెచ్చించడం మిగతా పనంతటికంటే విలువైనదని నేను అనుభవంతో తెలుసుకున్నాను.

మా ఇస్త్రీపెట్టె ప్లగ్గు ఒక దశలో సాకెట్టును వదలకుండా మొరాయించింది. తీసి చూస్తే ఎర్తు పిన్ను, న్యూట్రల్ పిన్ను మామూలుగానే మెరుస్తున్నాయి. ఫేజు పిన్ను మొదలు దగ్గర మాత్రం నీలమూ గోధుమా కలిసిన రంగులో ఒక పట్టీ ఏర్పడింది, దాని చుట్టూ తెల్లటి ప్లాస్టిక్కు అర్ధచంద్రాకారంలో లేత పసుపుకు తిరిగింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే చేపల నీచును పోలిన ఘాటు వాసన వచ్చింది. కొన్ని రకాల ప్లాస్టిక్కులు మితిమీరి వేడెక్కితే వచ్చే వాసన అది. ప్లగ్గు విప్పి ఫేజు మరమీద స్క్రూడ్రైవరు ఆనించగానే అది అర చుట్టు తేలిగ్గా తిరిగింది. మర సడలి ఉంది, దానికింద రాగి పోగులు నల్లబడి పెళుసెక్కాయి. వేడి పుట్టింది సాకెట్టులో కాదు, ప్లగ్గు లోపలే. ఆ వేడికి పిన్ను వేరు దగ్గర ప్లాస్టిక్కు ఉబ్బి, పిన్ను వెంట్రుకవాసి పక్కకు ఒరిగింది, అందుకే సాకెట్టులో పట్టేసింది. నేను నూనె రాసి ఊరుకుని ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకుంటే భయమే.

ఈ గుర్తుల ఆధారంగా మోటుగా ఇలా చెప్పుకోవచ్చు. రంగుమార్పు పిన్ను మొదట్లో ఉంటే ప్లగ్గు లోపలి మరను, పిన్ను మధ్యలోనో కొసకో ఉంటే సాకెట్టు రేకును ముందుగా అనుమానించాలి. పిన్నుపై నల్లటి చిన్న గుంటలుంటే అక్కడ నిప్పురవ్వలు ఎగిరాయని అర్థం. పచ్చటి లేదా ముదురు గోధుమరంగు పొర సమానంగా అన్ని పిన్నులపైనా ఉంటే అది తేమవల్ల వచ్చిన చిలుము, శుభ్రం చేస్తే చాలు. పిన్నుల మధ్య ప్లాస్టిక్కు మీద నల్లటి గీత గానీ చెట్టుకొమ్మలా పాకిన చార గానీ కనిపిస్తే, అది బొగ్గుగా మారిన దారి. దాని గుండా కరెంటు పాకుతుంది, తుడిచినా మళ్లీ వస్తుంది. కరిగినవీ, పగిలినవీ, ఈ చార ఉన్నవీ శుభ్రం చేయడానికి పనికిరావు, మార్చవలసినవే.

పిన్నులను శుభ్రం చేయడం

చిలుమో మురికో అని తేలిన ప్లగ్గుకు ముందుగా పొడి టూత్‌బ్రష్షుతో దుమ్ము దులపాలి. పాత నూనె జిగురు ఉంటే 90 శాతం లేదా అంతకుమించి గాఢత ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాలును నూలుగుడ్డకు తడిపి తుడవాలి. ఇది తేలిగ్గా మండే ద్రవం కనుక దగ్గరలో మంట, నిప్పురవ్వ లేకుండా చూసుకుని, కిటికీలు తెరిచి పనిచేయాలి. నీళ్లు, సబ్బు, బట్టల పొడి నీళ్లు వాడకూడదు.

తేలికపాటి చిలుముకు పెన్సిలు రాతను చెరిపే రబ్బరు చక్కగా పనిచేస్తుంది. పిన్ను పొడవునా మొదలునుంచి కొసవైపు రుద్దుతూ పోతే నల్లటి పొడి రాలి, లోహం బయటపడుతుంది. మొండి చిలుముకు 600 నంబరు లేదా అంతకంటే సన్నని గరుకు కాగితంతో రెండు మూడు సార్లు మెల్లగా తీయాలి. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించవలసిన సంగతి ఒకటుంది. చాలా పిన్నులు ఇత్తడిమీద నికెల్ పూత పూసినవి, ఆ తెల్లటి మెరుపు పూతదే. అద్దంలా మెరవాలని పట్టుదలతో రుద్దితే పూత పోయి పసుపుపచ్చ ఇత్తడి బయటపడుతుంది, దానికి చిలుము ఇంకా త్వరగా పడుతుంది. మచ్చ కాస్త మిగిలినా ఫరవాలేదు, గరుకు పోతే చాలు. స్టీలు పీచు అసలు వాడకూడదు, దాని సన్నటి పోగులు విరిగి పిన్నుల సందుల్లోనూ సాకెట్టులోనూ పడితే షార్టు సర్క్యూట్‌కు దారితీస్తాయి. కొన్ని పిన్నులకు సగం వరకు నల్లటి ప్లాస్టిక్కు తొడుగు ఉంటుంది. ప్లగ్గు పూర్తిగా దూరకముందు వేలు తగిలినా షాక్ కొట్టకుండా పెట్టినది అది. దాన్ని గీరకూడదు, అది చిరిగి ఉంటే ప్లగ్గును మార్చాలి.

ఇత్తడి పాత్రలు తోమే పద్ధతిలో నిమ్మరసమో వెనిగరో పూయవచ్చని కొందరు చెబుతారు. ఆమ్లం చిలుమును తీస్తుంది, నిజమే. కానీ పిన్ను వేరు దగ్గరి సందులోకి ఇంకిన ఆమ్లాన్ని పూర్తిగా కడగడం సాధ్యం కాదు, అది లోపలుండి లోహాన్ని తింటూనే ఉంటుంది.

చివరగా మరోసారి ఆల్కహాలుతో తుడిచి, పొడి అంతా పోయిందని చూసి, పది నిమిషాలైనా ఆరనివ్వాలి. ఆ తర్వాత ఎం.సి.బి. దింపి ఉండగానే ప్లగ్గును సాకెట్టులోకి అయిదారు సార్లు దూర్చి తీయాలి. ఈ రాపిడికి రేకుల మీది పలుచటి పొర కూడా కొంత చెరిగిపోతుంది, కనుక సాకెట్టు లోపలికి మనం ఏ పనిముట్టూ పంపనవసరం లేకుండానే కాస్త శుభ్రత దానికీ అందుతుంది. ప్రతిసారీ పిన్నులను తుడవడం మరవకండి.

నూనె, గ్రీజు సంగతి

గదుల్లో వాడే మామూలు ప్లగ్గులకు ఏ రకమైన కందెనా అవసరం లేదు. శుభ్రమైన పిన్ను, ఆరోగ్యంగా ఉన్న రేకు వాటంతటవే సరిపోతాయి. వంటనూనె కొన్నాళ్లకు గడ్డకట్టి జిగురవుతుంది, దుమ్మును పట్టి ఉంచుతుంది. పెట్రోలియం జెల్లీ వేడికి కరిగి లోపలికి కారుతుంది. తుప్పు వదిలించే స్ప్రేల్లోని ద్రావకాలు కొన్ని రకాల ప్లాస్టిక్కులను పెళుసుగా మార్చి పగలగొడతాయి. తాళాలకు వాడే గ్రాఫైటు పొడి అన్నిటికంటే ప్రమాదం, అది కరెంటును మోస్తుంది.

తేమకు ఎక్కువగా గురయ్యే ఆరుబయటి కనెక్టర్లకు మాత్రం, కరెంటును మోయని సిలికోన్ గ్రీజును దూదితో అద్దినంత పలుచగా పిన్నులకు రాయవచ్చు. రేకు గట్టిగా నొక్కేచోట గ్రీజు పక్కకు తొలగి లోహం లోహాన్ని తాకుతుంది, చుట్టూ మిగిలిన పొర గాలినీ తేమనూ రానివ్వదు. అయితే స్విచ్చుతో కలిసి ఉన్న సాకెట్లకు దీన్ని వాడకపోవడమే మంచిది, ఎందుకంటే స్విచ్చు వేసి ఆపేటప్పుడు వచ్చే నిప్పురవ్వల వేడికి సిలికోన్ ఇసుకలాంటి సిలికాగా మారి, స్విచ్చు మొనల మధ్య కరెంటును అడ్డుకుంటుంది. కాంటాక్ట్ క్లీనరు వాడేవారు దాని డబ్బామీద ప్లాస్టిక్కులకు హాని చేయదని రాసి ఉందో లేదో చూసి, గుడ్డమీద చల్లి తుడవాలే గాని, గోడమీది సాకెట్టు రంధ్రాల్లోకి నేరుగా కొట్టకూడదు.

సాకెట్టు వైపు చేయగలిగినది

నిజం చెప్పాలంటే, సాకెట్టు లోపలి భాగాన్ని బాగుచేయడం ఇంట్లోవారు తలపెట్టదగిన పని కాదు. కరెంటు పూర్తిగా తీసి, వాక్యూమ్ క్లీనరు గొట్టంతో రంధ్రాల దుమ్ము లాగవచ్చు. పలక మరలు మితిమీరి బిగిసి పలక వంగి ఉంటే పావు చుట్టు వదులు చేసి చూడవచ్చు, కొన్నిసార్లు దానితోనే ప్లగ్గు సుఖంగా దూరుతుంది. అంతకుమించి రేకులను సూదితో వంచడం, రంధ్రాన్ని గీరి వెడల్పు చేయడం వంటివి వద్దు. ఒకసారి బాగా వేడెక్కిన రేకు తన స్ప్రింగు గుణాన్ని కోల్పోతుంది, దాన్ని ఎంత వంచి సరిచేసినా మళ్లీ సడలుతుంది. రంధ్రం చుట్టూ గోధుమరంగు వలయం కనిపించిన సాకెట్టును మార్చడమొక్కటే దారి, చాలాచోట్ల ఆ పని అర్హత ఉన్న ఎలక్ట్రీషియనే చేయాలన్న నిబంధన కూడా ఉంది.

మార్చేటప్పుడు ప్లగ్గునూ సాకెట్టునూ రెండింటినీ ఒకేసారి మార్చాలి. కాలిన ప్లగ్గు కొత్త సాకెట్టులోని రేకును పాడుచేస్తుంది, కాలిన సాకెట్టు కొత్త ప్లగ్గును కాలుస్తుంది. ఇది ఖర్చు తగ్గించుకోవాలని చాలామంది దాటవేసే విషయం, ఆరు నెలలకే మళ్లీ అదే బెడద రావడానికి కారణమూ ఇదే.

కొత్త ప్లగ్గు బిగించడం

విప్పి బిగించుకునే రకం ప్లగ్గును కొని, దానిమీద రాసిన ఆంపియర్లు ఉపకరణానికి సరిపోతాయో లేదో ముందుగా చూడాలి. పాత తీగ కొస నల్లబడి ఉంటే, మెరిసే రాగి కనిపించేవరకు కత్తిరించి పారేయాలి. చాలా దేశాల్లో ఇప్పుడు గోధుమరంగు ఫేజుకు, నీలం న్యూట్రల్‌కు, ఆకుపచ్చ–పసుపు చారలది ఎర్తుకు వాడుతున్నారు, పాత తీగల్లో ఎరుపు, నలుపు, ఆకుపచ్చ కనిపించవచ్చు. రంగుమీద అనుమానం ఉంటే ఊహించి కలపవద్దు. ఎర్తు తీగను మిగతా రెండింటికంటే కాస్త పొడవుగా వదలాలి, తీగ ఎప్పుడైనా లాగబడితే ఎర్తు అన్నిటికంటే చివర ఊడాలి.

రాగి పోగులను గట్టిగా పురిపెట్టి, ఒక్క పోగు కూడా బయటికి రాకుండా మరకింద దూర్చి బిగించాలి. కొసలకు సోల్డరు పూసి బిగిస్తే గట్టిగా ఉంటుందని అనిపిస్తుంది గాని, సోల్డరు మెత్తటి లోహం, మర ఒత్తిడికి నెమ్మదిగా నలిగి జారుతుంది, కొన్నాళ్లకు మర వదులైపోతుంది. తీగను పట్టి ఉంచే బిగింపు పట్టీ కింద బయటి తొడుగు ఉండాలి, లోపలి రంగుతీగలు కాదు. మూత వేసేముందు ప్రతి తీగనూ ఒక్కొక్కటిగా లాగి చూడండి. నెల రోజుల వాడకం తర్వాత ఒకసారి విప్పి మరలను సరిచూస్తే ఇంకా మంచిది, ఎందుకంటే వేడికీ చల్లదనానికీ లోహం వ్యాకోచించి సంకోచించడంవల్ల తొలి రోజుల్లోనే మరలు కాస్త సడలుతాయి.

తీగతో కలిపి పోతపోసిన, విప్పరాని ప్లగ్గును కత్తిరించి తీస్తే, ఆ ముక్కను చెత్తలో వేసేముందు దాని పిన్నులను వంచో విరిచో పనికిరాకుండా చేయండి. రాగి కొసలు తేలి ఉన్న ఆ ముక్కను ఏ పిల్లవాడైనా సాకెట్టులో గుచ్చితే చేతిలో ఉండేది నేరుగా కరెంటే.

ఉపకరణం వైపు కనెక్టర్లు

కంప్యూటరు వెనుక దూర్చే మూడు రంధ్రాల కనెక్టరును అంతర్జాతీయ ప్రమాణాల్లో సి13 అంటారు, 10 ఆంపియర్ల వరకు మోస్తుంది. కెటిల్ వంటి వేడి ఉపకరణాలకు వాడే సి15 కూడా చూడడానికి దాదాపు అలాగే ఉంటుంది, కానీ దానికి ఒక గాడి అదనంగా ఉంటుంది. సి13 వేడి పరిమితి 70 డిగ్రీలైతే సి15ది 120 డిగ్రీలు. కెటిలుకు కంప్యూటరు తీగ దూరడం లేదని గాడి చెక్కి బలవంతంగా దూర్చిన సందర్భాలు నేను చూశాను. అక్కడ అడ్డుపడుతున్న బిగువు మనల్ని కాపాడడానికి పెట్టినదే, దాన్ని తొలగించకూడదు. ఈ కనెక్టర్లను శుభ్రం చేయాలంటే రెండు కొసలూ ఊడదీసి, ఉపకరణం వైపు పిన్నులను దూది చుట్టిన పుల్లను ఆల్కహాలులో ముంచి తుడవాలి. తీగ కొసలోని రంధ్రాలు కరిగి ఆకారం కోల్పోతే తీగంతటినీ మార్చాలి.

చార్జింగు కేబుళ్లు సరిగ్గా దూరకపోవడానికి సాధారణంగా రంధ్రంలో పేరుకున్న నూలు పీచే కారణం. పరికరాన్ని పూర్తిగా ఆపి, సన్నటి చెక్కపుల్లతో మెల్లగా బయటికి లాగితే సరిపోతుంది. లోహపు సూది వాడవద్దు.

పరీక్షించి చూసుకోవడం

అంతా అయ్యాక ఎం.సి.బి. ఎక్కించి, ఉపకరణాన్ని దాని పూర్తి సామర్థ్యంతో ఇరవై నిమిషాలు దగ్గరుండి నడపండి. చిటపట శబ్దం, వాసన, దీపంలో మిణుకు ఏవైనా వస్తే వెంటనే ఆపాలి. ఇరవై నిమిషాల తర్వాత స్విచ్చు ఆపి, ప్లగ్గు ఒంటిని చేతి వెనుకభాగంతో తాకి చూడాలి. గోరువెచ్చగా ఉంటే సహజమే. వేలు నిలపలేనంత వేడిగా ఉంటే, ప్లగ్గు ఎంత సులువుగా దూరి వస్తున్నా సరే, పని పూర్తికాలేదని అర్థం. అప్పుడు మర దగ్గరనుంచి మళ్లీ వెతకాలి.

ఏళ్ల తరబడి కదపని ప్లగ్గులే ఎక్కువగా పట్టేస్తాయి. ఫ్రిజ్, వాషింగ్ మిషను, గీజరు ప్లగ్గులను ఏడాదికి రెండుసార్లు కరెంటు ఆపి తీసి, పిన్నుల రంగు చూసి, పొడిగుడ్డతో తుడిచి, రెండు మూడు సార్లు దూర్చి తీసి మళ్లీ పెడితే, ఆ రాపిడికే చిలుము నిలవదు. ఫ్రిజ్ ప్లగ్గు తీశాక వెంటనే గుచ్చకుండా అయిదు నిమిషాలు ఆగండి, కంప్రెసరులోని ఒత్తిడి సర్దుకోవడానికి అంత సమయం పడుతుంది.